ఆంగ్ల వ్యాకరణబోధన – మాతృభాషా సాహాయ్యము

6 మొదలు 8 వఱకు గల తరగతులలోని బాలబాలికలు ఆంగ్లమున వ్రాయు తప్పులను ఉపాధ్యాయులు దినదినము ఎఱ్ఱసిరాతో దిద్దుచుందురు. దిద్దిన తప్పే మరునాడు మరల కనబడును. అంతట "వీనికి శ్రద్ధ లేదు" అని ఉపాధ్యాయుడును, "నాకీ భాష రాదు" అని విద్యార్థియు తలంతురు. ఈ రెండవ తలంపు మిక్కిలి హానికరము. ఇంట ఆంగ్లము వినని బాలుడు తనకీ భాష రాదని ఒకసారి నిశ్చయించుకొనెనా, తరగతిలో నోరు విప్పుట మానును. పై చదువులలో ఆంగ్లమున నున్న శాస్త్రగ్రంథములు వానికి మూసిన తలుపులగును. కావున ఈ తప్పులెచ్చట పుట్టుచున్నవో విచారించుట మన ప్రథమకర్తవ్యము.

విచారించి చూచిన, వీనిలో పెక్కులు అజాగ్రత్తవలన కలిగినవి కావు. బాలుడు తెలుగు వ్యాకరణమును తు చ తప్పక పాటించుచు ఆంగ్లపదములను పేర్చుచున్నాడు. వాని తప్పులో ఒక నియమము కలదు. ఆ నియమమును వానికి చూపి, "ఇది తెలుగునకు చెల్లును, ఆంగ్లమునకు చెల్లదు" అని బోధించినచో దిద్దుబాటు నిలుచును. దీనికి కొన్ని ఉదాహరణములు.

1. పదముల వరుస

తెలుగున కర్త, కర్మ, క్రియ అనునది సామాన్యమైన వరుస. ఆంగ్లమున క్రియ నడుమ వచ్చును. ఇంతమాత్రము చెప్పిన చాలదు. కారణము కూడ చెప్పవలెను. "రాముడు రావణుని చంపెను" అన్నను, "రావణుని రాముడు చంపెను" అన్నను చచ్చినవాడు రావణుడే. "ని" యను ద్వితీయావిభక్తి ప్రత్యయము కర్మను పట్టియిచ్చుచున్నది. ఆంగ్లమున నామవాచకములకు అట్టి ప్రత్యయము లేదు. పదముండు స్థానమే విభక్తి. "రామ కిల్డ్ రావణ" అను వాక్యమును "రావణ కిల్డ్ రామ" అని మార్చినచో రామాయణమే తారుమారగును. ముగ్గురు పిల్లలకు మూడు పదములు వ్రాసిన అట్టముక్కలిచ్చి వరుసగా నిలువబెట్టి, ఇద్దరిని స్థానములు మార్చుకొనుమనిన ఈ సంగతి తరగతికంతకు తెల్లమగును.

అట్లే తెలుగున "బల్లమీద" అని సంబంధమును తెలుపు మాట నామమునకు వెనుక వచ్చును. ఆంగ్లమున "ఆన్ ది టేబుల్" అని ముందు వచ్చును.

2. ఎ, యాన్, ది

తెలుగున ఈ ఉపపదములు లేవు. కనుకనే బాలురు వీనిని మఱతురు. అయినను వీని అర్థచ్ఛాయ మన కథలలో లేకపోలేదు. "ఒక రాజు కలడు. ఆ రాజునకు ముగ్గురు కొడుకులు" అని చెప్పుదుము గదా. మొదటిసారి క్రొత్తగా వచ్చిన రాజు "ఎ కింగ్". పరిచయమైన పిమ్మట "ది కింగ్". ఈ పోలిక ఆరంభమునకు చాలును. సూర్యునివలె ఒక్కటే యైన వస్తువునకు మొదటినుండియు "ది సన్" అనుటను ఆ పిమ్మట నేర్పవలెను.

"యాన్" ఎచ్చట వాడవలె ననుటకు మన లిపియే కొంత తోడ్పడును. పదమును విన్నట్లుగా తెలుగున వ్రాయుమనవలెను. అచ్చుతో మొదలైన "యాన్", హల్లుతో మొదలైన "ఎ". "అవర్" అచ్చుతో మొదలగును గాన "యాన్ అవర్"; "యూనివర్సిటీ" హల్లుతో మొదలగును గాన "ఎ యూనివర్సిటీ". ఆంగ్లలిపిలోని మొదటి అక్షరమును చూచి మోసపోవు బాలుని ఇది కాపాడును.

కాని ఇందొక చిక్కు కలదు. "యాపిల్" అని మనము వ్రాయునప్పుడు మొదట వినబడునది నిజమునకు అచ్చే. ఆ ధ్వనికి మన లిపిలో ప్రత్యేకాక్షరము లేనందున యకారమును అరువు తెచ్చుకొంటిమి. మఱియు మన వాడుకలో "ఎ"కు ముందు యకారమును, "ఒ"కు ముందు వకారమును చేర్చి పలుకు అలవాటు కలదు. "ఎగ్" అను పదమును "యెగ్గు" అని పలుకు బాలుడు "ఎ ఎగ్" అని వ్రాయుట వింత కాదు. కావున ఈ పాఠమునకు ముందు ఉచ్చారణను సరిదిద్దవలెను.

3. "కు" చేయు చిక్కు

"నాకు ఇద్దరన్నలు కలరు", "నాకు ఆకలిగా నున్నది", "నాకు తెలియును", "నాకీ పుస్తకము కావలెను" – ఈ నాలుగిట "నాకు" ఒక్కటే. ఆంగ్లమున నాలుగు విధములు: "ఐ హ్యావ్ టూ ఎల్డర్ బ్రదర్స్", "ఐ యామ్ హంగ్రీ", "ఐ నో", "ఐ వాంట్ దిస్ బుక్". తెలుగున అనుభవించువాడు "కు" వెనుక నొదిగియుండును. ఆంగ్లమున వాడే కర్తయై ముందు నిలుచును. ఈ నాలుగు వాక్యములను నల్లబల్లపై ప్రక్కప్రక్కన వ్రాసి చూపిన గంటసేపు చెప్పు నిర్వచనములకంటె మేలు.

4. కాలము ఒక్కసారియే

"హి డిడ్ నాట్ వెంట్" అను తప్పు మనకు నిత్యపరిచితము. దీనికి మందు తెలుగుననే కలదు. "వాడు పోయెను" అనుదానికి వ్యతిరేకము "వాడు పోలేదు" గాని "పోయెను లేదు" కాదు. అట్లు ఏ తెలుగు బిడ్డయు పలుకదు. భూతకాలభారమును "లేదు" మోయగా "పో" యనునది విడిగా నిలిచినది. ఆంగ్లమునను అంతే: భారమును "డిడ్" మోయును, "గో" విడిగా నిలుచును. "డిడ్ నాట్ గో" – "పోలేదు". ఈ జతను పదిసార్లు పలికించిన బాలుడు మఱువడు.

5. గౌరవ బహువచనము

"మై ఫాదర్ ఆర్ కమింగ్" అని వ్రాసిన బాలుడు వ్యాకరణమెఱుగనివాడు కాడు, మర్యాదనెఱిగినవాడు. "నాయనగారు వచ్చుచున్నారు" అని పలుకుట వానికి ఇంట నేర్పిరి. తండ్రిని గూర్చి "హి" అని వ్రాయుటకు వాని చేయి వెనుదీయును. ఆంగ్లమున క్రియలో గౌరవముంచు ఆచారము లేదనియు, అందు "ఈజ్" అనుట అవమానము కాదనియు చెప్పి వాని సంకోచమును తీర్చిన పిదపనే తప్పును దిద్దవలెను. మర్యాదను పరిహసించినచో వాడు రెండు భాషలకును దూరమగును.

6. అవునా, కాదా?

"నీవు మందు త్రాగలేదా?" అని వైద్యుడడుగగా, త్రాగనివాడు తెలుగున "అవును, త్రాగలేదు" అనును. అదే ప్రశ్నను ఆంగ్లమున అడుగగా "యెస్" అనెనేని, త్రాగితినని అర్థమగును. తెలుగున మన జవాబు అడిగినవాని మాటతో ఏకీభవించుటను తెలుపును. ఆంగ్లమున పని జరిగెనా లేదా అనుటను మాత్రమే తెలుపును. పని జరుగకున్న "నో" అనియే చెప్పవలెను. ఇది పరీక్షకు మాత్రమే గాక బ్రదుకుతెరువునకును సంబంధించిన పాఠము.

7. తెలుగువలన కలుగని తప్పులు

తప్పులన్నిటిని మాతృభాషపై మోపుట న్యాయము కాదు. మాతృభాషను, నేర్చు భాషను పోల్చి చూచినచో కష్టస్థానములు ముందే తెలియునని రాబర్ట్ లాడో పండితుడు 1957లో తన గ్రంథమున వాదించెను. పిమ్మట 1967లో ఎస్. పి. కార్డర్ పండితుడు, నేర్చువాని తప్పులు వాడెంతవఱకు నేర్చెనో తెలుపు గుర్తులని చూపెను. "గోడ్", "చైల్డ్స్" అని వ్రాయు బాలుడు భూతకాలమునకును బహువచనమునకును గల సామాన్యసూత్రములను గ్రహించియే యున్నాడు. అపవాదములను ఇంకను నేర్వలేదు. ఇంగ్లండులో పుట్టిన పసిబిడ్డలును ఇట్లు పలుకుదురు. ఇట్టి తప్పునకు కోపము తగదు. సరియైన రూపమును పలుమారు వినిపించుటయే చికిత్స.

బోధనాక్రమము

మొదట ఉదాహరణములను వినిపింపవలెను, పిదప పలికింపవలెను, ఆ తరువాత చదివించి వ్రాయింపవలెను. సూత్రమును చివర బాలురచేతనే చెప్పింపవలెను. నిర్వచనమును వల్లించి, మంచినీళ్లడుగ నేరని చదువు నిష్ఫలము. ఒక వ్యాసమున అన్ని తప్పులను దిద్దక, ఆ వారపు పాఠమునకు చెందినవానిని మాత్రము దిద్దుట మంచిది. కాగితమంతయు ఎఱ్ఱబారిన పిల్లవాడు ఏ తప్పునుండియు ఏమియు నేర్వడు.

విద్యార్థులకు అభ్యాసము

ఈ క్రింది వాక్యములను దిద్ది, కారణము చెప్పుడు.

(1) బుక్ టేబుల్ ఆన్ ఈజ్.
(2) షి ఈజ్ ఎ ఆనెస్ట్ గర్ల్.
(3) టు మి టూ సిస్టర్స్ ఆర్.
(4) హి డిడ్ నాట్ కేమ్.
(5) మై మదర్ ఆర్ కుకింగ్.

సరియైన రూపములు: (1) ది బుక్ ఈజ్ ఆన్ ది టేబుల్. (2) షి ఈజ్ యాన్ ఆనెస్ట్ గర్ల్. (3) ఐ హ్యావ్ టూ సిస్టర్స్. (4) హి డిడ్ నాట్ కమ్. (5) మై మదర్ ఈజ్ కుకింగ్. కారణములు పై పాఠముననే కలవు, వెదకి పట్టుకొనుడు.

విద్యార్థులారా! తెలుగు నేర్వవచ్చిన ఆంగ్లేయులకును మన విభక్తులు, మన క్రియారూపములు కొఱుకుడుపడని కొయ్యలే యయ్యెను. వారికొఱకే సి. పి. బ్రౌన్ దొర 1840లోను, ఎ. హెచ్. ఆర్డెన్ దొర 1873లోను ఆంగ్లమున తెలుగు వ్యాకరణములు రచించి ప్రకటించిరి. పరభాష ఎవరికైనను మొదట పరభాషయే. మీ తెలుగును చక్కగా నేర్చుకొనుడు. అది ఆంగ్లమునకు అడ్డుగోడ కాదు, నిచ్చెన. తప్పునకు భయపడక నోరు విప్పుడు. కారణమెఱిగి దిద్దుకొన్న తప్పు మరల తలయెత్తదు.