ముందు ఎదుటివాళ్ల డైలాగు నేర్చుకోండి

నలుగురిలో నోరు విప్పాలంటే బెరుకా? కొత్త ఊరికొచ్చి ఏడాదైనా ఇంటికి పిలిచి కాఫీ ఇచ్చేంత స్నేహం ఎవరితోనూ కుదరలేదా? ఆఫీసు, గది, ఫోను... రోజులు ఇలాగే గడిచిపోతున్నాయా? అయితే ఇంకో వ్యక్తిత్వ వికాస పుస్తకం కొనేముందు మీ ఊళ్లో నాటకం రిహార్సల్ ఎక్కడ జరుగుతోందో వాకబు చేయండి. ఓ సాయంత్రం వెళ్లి ఊరికే కూర్చోండి.

అక్కడ మీకు తప్పకుండా కనిపించే దృశ్యం ఒకటుంది. కొత్తగా చేరిన కుర్రాడు తన డైలాగులన్నీ గడగడా అప్పజెప్పేస్తాడు. డైరెక్టరు ఆపి, "బాగానే వచ్చాయి గానీ, ఇంతకీ ఆవిడ నిన్నేమడిగిందిరా?" అంటాడు. కుర్రాడు నీళ్లు నములుతాడు. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ అతను తన తర్వాతి ముక్క కోసం లోలోపల తడుముకుంటున్నాడు మరి! ఇంట్లో, ఆఫీసులో మన మాటల తీరు కూడా చాలాసార్లు ఇంతే. నాటకం మొదట వదలగొట్టేది ఈ జబ్బునే.

భయానికి మందు

"నేనెలా కనిపిస్తున్నానో, ఎవరేమనుకుంటున్నారో" అన్న ఆలోచనే స్టేజీ భయానికి మూలం. తోటి నటుడి చివరి మాట పట్టుకుంటేనే మీ డైలాగు ఎత్తుకోగలరు. కాబట్టి దృష్టి అతనిమీదే పెట్టాలి. అలా పెట్టగానే మీ గురించి మీరు బెంగపడే తీరిక తగ్గిపోతుంది. భయం పూర్తిగా పోతుందని మాత్రం ఆశపడకండి. ఏళ్ల తరబడి ముఖానికి రంగేసుకున్నవాళ్లకూ తెర లేచేముందు గుండె దడదడలాడుతుంది. ఆ దడతోనే పని చేయడం అలవాటవుతుంది, అంతే. ఇంటర్వ్యూకి వెళ్లినా, మీటింగులో లేచి నిలబడినా ఆ అలవాటే అక్కరకొస్తుంది.

నచ్చనివాళ్ల వైపు నుంచి చూడటం

గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో తొలిసారి రంగస్థలమెక్కింది. ఇప్పటికీ ఆడుతున్నారు. అందులో గిరీశం వేషం మీకిచ్చారనుకోండి. మోసగాడని ముద్ర కొట్టేసి నటిస్తే వేషం తేలిపోతుంది. తన లెక్కలో గిరీశం మహా తెలివైనవాడు. ఆ లెక్కేమిటో మీకు అంతుపట్టాలి. లుబ్ధావధాన్లు వేషం దొరికితే పిసినారికి డబ్బు చేజారుతుందంటే ఎంత ప్రాణభయమో తెలియాలి. రెండు నెలలు అలాంటి మనిషి బుర్రతో ఆలోచించాక, మీకు గిట్టని మేనేజరు గురించో, మాటలు మానేసిన అన్నయ్య గురించో ఒక్క ముక్కలో తీర్పు చెప్పడం కష్టమవుతుంది.

బాపట్లలో పుట్టిన రంగస్థల నటుడు స్థానం నరసింహారావు సత్యభామ వేషంతో తెలుగునాట పేరు మార్మోగించారు. 1956లో పద్మశ్రీ అందుకున్నారు. మగవాడై ఉండి ఆ అలకనీ, ఆ నడకనీ జనం చేత ఔననిపించాలంటే సాటి మనుషుల్ని ఎంత శ్రద్ధగా గమనించి ఉండాలి!

స్నేహం ఇలా కుదురుతుంది

కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచక వధ'తో మొదలైన సురభి నాటక సమాజం ఈనాటికీ బతికుందంటే, కుటుంబాలు కుటుంబాలే ఆ పనిలో ఉండటం ఒక కారణం. ఒక సీనులో కిరీటం పెట్టుకున్న మనిషి మరో సీనుకు తెరతాడు పట్టుకోవడం అక్కడ నామోషీ కాదు.

మీ చిన్న బృందంలోనూ అంతే. ప్రదర్శన మధ్యలో మీ తోటి నటుడు డైలాగు మర్చిపోతాడు. కళ్లు తేలేస్తాడు. మీరు కంగారుపడకుండా, "ఏంటి బావా, పట్నం నుంచి ఉత్తరం గానీ వచ్చిందా?" అని అందిస్తారు. అతను అందుకుంటాడు. జనానికి ఏమీ తెలియదు. ఆ రాత్రి సెట్టు సామాను వ్యానుకెక్కించి, అందరూ కలిసి పులిహోర తినేటప్పుడు అతను మీ పక్కనే కూర్చుంటాడు. పరిచయాల పార్టీల్లో ఈ దగ్గరితనం దొరకదు.

అలాగని నాటకం వేసేవాళ్లంతా దేవుళ్లేం కాదు. వేషాల కోసం అలకలుంటాయి, పేర్ల దగ్గర పేచీలుంటాయి. అయినా తెర లేచాక ఒకరి మీద ఒకరు ఆధారపడక తప్పదు.

ఇక మొదలుపెట్టండి

• ఏకపాత్రాభినయంతో కాకుండా ముగ్గురు నలుగురున్న చిన్న నాటికతో మొదలుపెట్టండి. మీకు కావలసింది మనుషులు.

• మీ డైలాగులకన్నా ముందు ఎదుటివాళ్ల డైలాగులు చదవండి. మీవి ఎందుకు అలా ఉన్నాయో అప్పుడే తెలుస్తుంది.

• రిహార్సల్‌కు వేళకు వెళ్లండి. ఒక్కరు రాకపోతే సీను ఆగిపోతుంది. ఫోను సంచిలో పడేయండి.

• వయసు అడ్డనుకోకండి. నాటకంలో తాతయ్యలూ, అత్తగార్లూ ఉంటారు.

• కాలేజీలు, కళాపరిషత్తులు, పరాయి దేశాల్లోనైతే తెలుగు సంఘాల ఉగాది వేడుకలు... వెతికితే దారి దొరుకుతుంది. కందుకూరి వీరేశలింగం జయంతి ఏప్రిల్ 16న తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ రోజు ప్రదర్శన చూసి ఇంటికి వచ్చేయకండి. తెర వెనక్కి వెళ్లి బృందాన్ని పలకరించండి.

వేషం దొరకలేదా? తెర పక్కనుంచి డైలాగులు అందించే ప్రాంప్టింగ్ పని చేస్తానని అడగండి. నాటకం మొత్తం మీకు కంఠతా వస్తుంది, బృందంలో అందరికీ మీరే దిక్కవుతారు. ఆ పనికి ముందుకొచ్చినవాళ్లను ఏ బృందమూ వద్దనదు.