దేశం మాదే, పాలన ఎవరిది? – నైజీరియా యువత నేర్పే పాఠం

మన సంఘం తరఫున ఏటా విద్యార్థులకు ఫీజులు కట్టే రోజుల్లో దాతల నుంచి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “మనం చదివించిన పిల్లలు చివరికి గల్ఫుకో, కెనడాకో వెళ్లిపోతున్నారు. వీళ్లకు పుట్టిన దేశం మీద అభిమానం ఉందంటారా?” అని. మంచి మనసుతో అడిగే ప్రశ్నే ఇది. కానీ సొంత పిల్లల విషయంలో జవాబు వెతకబోతే కోపమో మమకారమో అడ్డు వస్తుంది. అదే ప్రశ్నను వేరే దేశపు పిల్లల విషయంలో పరిశీలిస్తే కాస్త తేటగా కనిపిస్తుంది. అందుకే ఈ సంచికకు నైజీరియా యువతను అధ్యయన విషయంగా తీసుకున్నాం.

నైజీరియా మనకు బొత్తిగా తెలియని దేశమేమీ కాదు. అక్కడి విద్యార్థులు హైదరాబాదులో చదువుకుంటున్నారు, టోలీచౌకి వైపు గదులు అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఎవరో కొందరు చేసిన నేరాల వార్తలు చదివి, ఆ దేశపు పిల్లలందరినీ ఒకే కంటితో చూసేవారు మనలోనూ ఉన్నారు. ఒక్కరి తప్పుకు అందరినీ అనుమానిస్తే ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పనక్కర్లేదు. కనుక ముందు వాళ్లెవరో తెలుసుకుందాం.

దేశ పరిచయం

నైజీరియా 1960 అక్టోబరు 1న బ్రిటిష్ పాలన నుంచి స్వాతంత్ర్యం పొందింది. జనాభా 20 కోట్లకు పైనే. ఆఫ్రికాలో ఇంత జనాభా మరే దేశానికీ లేదు. అందులో దాదాపు సగం మంది 18 ఏళ్ల లోపు వారే. 500కు పైగా భాషలు ఉన్నాయి. ఉత్తరాన హౌసా, ఫులానీ ప్రజల్లో ముస్లిములు ఎక్కువ. ఆగ్నేయాన ఇగ్బోలు ప్రధానంగా క్రైస్తవులు. నైరుతిన యొరుబా ప్రజల్లో రెండు మతాల వారూ ఉన్నారు. ఒకే కుటుంబంలో అన్న ముస్లిం, చెల్లెలు క్రైస్తవురాలు కావడం అక్కడ వింత కాదు.

1967 నుంచి 1970 వరకు బియాఫ్రా పేరిట అంతర్యుద్ధం జరిగింది. తర్వాత చాలా ఏళ్లు సైనిక పాలన నడిచింది. 1999 మే 29న ఎన్నికైన ప్రభుత్వం వచ్చింది. అంటే ఇవాళ పాతికేళ్ల వయసున్న యువకుడు పుట్టినప్పటి నుంచి ఎన్నికల పాలననే చూశాడు. సైనిక పాలనతో పోల్చి సంతృప్తి పడే అవకాశం అతనికి లేదు. పాలకులు ఇచ్చిన మాటకూ, తాను బతుకుతున్న బతుకుకూ మధ్య తేడానే అతను లెక్క వేసుకుంటాడు.

అభిమానం లేదా?

ఉంది, పుష్కలంగా ఉంది. అక్కడి యువత తమ దేశాన్ని ముద్దుగా ‘నైజా’ అంటారు. పాటలు, సినిమాలు, ఫుట్‌బాల్, జొలోఫ్ అన్నం మాట వస్తే వాళ్లు నైజా పిల్లలు. ఆఫీసులు, పోలీసులు, కరెంటు కోత మాట వస్తే మాత్రం నోట వచ్చే మాట ‘నైజీరియా’. ఒకే దేశానికి ఈ రెండు పేర్లు పలికే తీరులోనే వాళ్ల మనసు చాలావరకు తెలిసిపోతుంది.

1986లో వోలె షొయింకా సాహిత్యంలో నోబెల్ పొందారు. ఆ బహుమతి అందుకున్న తొలి ఆఫ్రికా నల్లజాతి రచయిత ఆయనే. 2022లో తోబీ అముసాన్ అనే అమ్మాయి 100 మీటర్ల హర్డిల్స్ పరుగును 12.12 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పింది. పతకం అందుకుంటూ జాతీయ గీతం వినిపించగానే ఆమె కన్నీళ్లు పెట్టుకుంది. ఉత్తరాది ముస్లిం యువతకు ఉస్మాన్ దాన్ ఫోదియో కుమార్తె నానా అస్మావు గర్వకారణం. రెండు వందల ఏళ్ల కిందటే సొకోటో రాజ్యంలో ఆమె స్త్రీల చదువు కోసం బోధకురాళ్లను తయారుచేసి పల్లెలకు పంపింది.

గమనిస్తే, ఈ గర్వమంతా మనుషులు తమ కష్టంతో సాధించిన వాటి చుట్టూ అల్లుకుని ఉంది. పై నుంచి ఆజ్ఞగా వచ్చిన అభిమానం మాత్రం అంత సులువుగా అతకలేదు. 2024 మేలో ప్రభుత్వం జాతీయ గీతాన్ని మార్చి, 1978కి ముందున్న పాత గీతాన్ని మళ్లీ తెచ్చింది. ఆ గీతాన్ని రాసింది ఒక బ్రిటిష్ మహిళ. బడిలో ఏళ్ల తరబడి పాడిన గీతం ఒక్కరోజులో మారిపోయింది. “గీతం మారితే బియ్యం ధర తగ్గుతుందా?” అన్నది అప్పుడు యువత అడిగిన ప్రశ్నల సారం.

మా వంటి ఉపాధ్యాయులు ఆలోచించాల్సిన మరో సంగతి ఉంది. కొన్నేళ్లపాటు అక్కడి పాఠశాలల్లో చరిత్రను విడి సబ్జెక్టుగా బోధించడం మానేశారు. తర్వాత పొరపాటు గ్రహించి తిరిగి ప్రవేశపెట్టారు. దేశం కథ చెప్పకుండా పెంచిన పిల్లలను దేశాభిమానం చూపమని అడగడం, విత్తనం వేయని పొలంలో కోతకు కొడవలి పట్టుకుని వెళ్లడం లాంటిదే.

రాజకీయం మీద ఆశ, నిరాశ

2018లో అప్పటి అధ్యక్షుడు ముహమ్మదు బుహారీ లండన్‌లో మాట్లాడుతూ, తమ యువతలో చాలామంది చదువుకోకుండా, పని చేయకుండా అన్నీ ఉచితంగా కావాలని కూర్చుంటున్నారన్న అర్థం వచ్చేలా వ్యాఖ్యానించారు. యువత మండిపడింది. తాము చేసే పనుల ఫొటోలు పెట్టి జవాబిచ్చింది. అదే ఏడాది మే నెలాఖరున, యువత చేసిన ఉద్యమం ఫలితంగా ఒక రాజ్యాంగ సవరణ మీద ఆయనే సంతకం చేశారు. దిగువ సభకు, రాష్ట్ర శాసనసభలకు పోటీ చేసే కనీస వయసు 30 నుంచి 25కు, అధ్యక్ష పదవికి 40 నుంచి 35కు తగ్గింది.

2020 అక్టోబరులో ‘ఎండ్‌సార్స్’ ఉద్యమం వచ్చింది. సార్స్ అంటే దోపిడీ ముఠాలను పట్టుకునేందుకు పెట్టిన ప్రత్యేక పోలీసు దళం. చేతిలో ల్యాప్‌టాప్, మంచి ఫోను ఉన్న కుర్రాడు కనిపిస్తే చాలు, మోసగాడని పట్టుకుని డబ్బు గుంజుతున్నారని, కొడుతున్నారని ఆ దళం మీద ఏళ్ల తరబడి ఫిర్యాదులు ఉన్నాయి. యువతీ యువకులు నాయకుడంటూ లేకుండానే వీధుల్లోకి వచ్చారు. చందాలు పోగు చేసుకున్నారు, గాయపడిన వారికి వైద్యం చేయించారు, అరెస్టయిన వారికి లాయర్లను పెట్టారు. అక్టోబరు 20 రాత్రి లాగోస్ లోని లెక్కీ టోల్ గేట్ వద్ద జాతీయ జెండాలు పట్టుకుని, జాతీయ గీతం పాడుతున్న వారి మీద సైనికులు కాల్పులు జరిపారు. జనం మీదికి కాల్చలేదని సైన్యం వాదించినా, లాగోస్ రాష్ట్రం నియమించిన విచారణ సంఘం 2021లో ఆ వాదనను అంగీకరించలేదు.

ఆ తర్వాత కూడా యువత ఓటును వదిలిపెట్టలేదు. 2023 ఎన్నికలకు నమోదైన 9.34 కోట్ల ఓటర్లలో దాదాపు 40 శాతం 34 ఏళ్ల లోపు వారు. మూడో పక్షం అభ్యర్థి పీటర్ ఓబీ వెనుక చాలామంది యువకులు నిలబడ్డారు. ఓబీ మూడో స్థానంలో నిలిచినా, గెలిచిన బోలా టినుబు సొంత కోట లాగోస్‌లో ఆయనకే ఎక్కువ ఓట్లు వచ్చాయి. అయితే దేశం మొత్తం మీద ఓటు వేసింది సుమారు రెండున్నర కోట్ల మందే. నోట్ల మార్పిడి వల్ల చేతిలో డబ్బు లేదు, పెట్రోలు దొరకలేదు, కొన్నిచోట్ల గూండాల భయం. పైగా పోలింగ్ కేంద్రం నుంచి వెంటనే ఇంటర్నెట్‌లో పెడతామన్న అధ్యక్ష ఎన్నిక ఫలితాలు సమయానికి కనిపించలేదు. వరుసలో గంటల తరబడి నిలబడిన పిల్లల నమ్మకం అక్కడ దెబ్బతింది.

2024 ఆగస్టులో ధరల పెరుగుదల మీద మళ్లీ నిరసనలు జరిగాయి. ఈసారి ఉత్తరాది పట్టణాల్లో కొందరు కుర్రాళ్లు రష్యా జెండాలు పట్టుకున్నారు. అరెస్టయిన వారిలో మైనర్లూ ఉన్నారు. నవంబరులో అబూజా కోర్టుకు తెచ్చినప్పుడు వారిలో కొందరు నీరసంతో కుప్పకూలారు. దేశమంతా విస్తుపోయింది. అధ్యక్షుడు కల్పించుకుని వారిని విడిపించారు. 2020 నాటి ఊరు వేరు, 2024 నాటి ఊళ్లు వేరు. అయినా సొంత జెండా పట్టుకున్న వాడికి తూటా ఎదురైతే, నాలుగేళ్లకు మరొకడి చేతిలో పరాయి జెండా కనిపించడం ఆలోచించదగ్గ విషయం.

రోజువారీ బతుకు

20 కోట్ల మందికి పైగా ఉన్న దేశంలో ప్రభుత్వ గ్రిడ్ ఇచ్చే కరెంటు మామూలుగా 4, 5 వేల మెగావాట్లు. మన తెలంగాణ ఒక్కటే గరిష్ఠ సమయంలో 15 వేల మెగావాట్లకు పైగా వాడుతోంది. అందుకే అక్కడ ఇంటింటా చిన్న జనరేటర్ ఉంటుంది. దానికి జనం పెట్టుకున్న పేరు ‘పొరుగువాడి కంటే నేనే మెరుగు’ అనే అర్థమిస్తుంది. ఆ జనరేటర్‌కు పోసే పెట్రోలు మీద సబ్సిడీని 2023 మేలో ఎత్తేశారు. లీటరు 200 నైరాల లోపు ఉన్నది కొద్ది రోజుల్లోనే 500 దాటింది, 2024 అక్టోబరుకు 1000 దాటింది. నెలసరి కనీస వేతనం మాత్రం 2024లో 30 వేల నైరాల నుంచి 70 వేలకు పెరిగింది. లెక్కల మాస్టారు అక్కర్లేదు, ఇంటి ఇల్లాలు చాలు ఈ లెక్క చెప్పడానికి.

చదువూ అంతే. 2022లో అధ్యాపకుల సమ్మె వల్ల ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు 8 నెలలు మూతపడ్డాయి. నాలుగేళ్ల డిగ్రీ ఎప్పుడు పూర్తవుతుందో చెప్పలేని పరిస్థితి. డిగ్రీ చేతికి వచ్చాక మరో చిక్కు. దరఖాస్తులో ‘మీ మూల రాష్ట్రం ఏది?’ అన్న గడి ఉంటుంది. కానోలో పుట్టి, కానోలో పెరిగి, హౌసా మాట్లాడే ఇగ్బో పిల్లవాడు ఆ గడిలో తాను ఎన్నడూ ఉండని తండ్రి ఊరి రాష్ట్రం రాయాలి. లోకల్, నాన్‌లోకల్ గొడవ తెలిసిన మనకు దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

ఈ విసుగు నుంచి పుట్టిన మాట ‘జప’. యొరుబాలో తప్పించుకుని పారిపోవడం అని అర్థం. ఇప్పుడు దేశం విడిచి వెళ్లడానికి అదే పేరు. డాక్టర్లు, నర్సులు, కంప్యూటర్ చదివిన వారు బ్రిటన్‌కు, కెనడాకు వెళ్తున్నారు. అలా వెళ్లిన ప్రవాసులు ఏటా ఇంటికి పంపే సొమ్ము సుమారు 2000 కోట్ల డాలర్లు. కాళ్లు దేశం దాటాయి గానీ బాధ్యత దాటలేదు.

కలిపిన పని, ఆగిన పని

యుద్ధం ముగిశాక 1973లో ఆ దేశం ఒక మంచి పని మొదలుపెట్టింది. 30 ఏళ్ల లోపు పట్టభద్రులందరూ ఒక ఏడాది జాతీయ యువజన సేవ చేయాలి. సాధారణంగా సొంత రాష్ట్రంలో కాకుండా వేరే ప్రాంతంలో వేస్తారు. దక్షిణాది క్రైస్తవ అమ్మాయి ఉత్తరాది పల్లె బడిలో పాఠం చెబుతుంది. ఉత్తరాది ముస్లిం యువకుడు ఇగ్బో ఊరిలో ఉంటాడు. దారిలో ప్రమాదాల భయం ఉంది. 2011 ఎన్నికల అల్లర్లలో ఈ సేవలో ఉన్న 10 మంది ప్రాణాలు కోల్పోయారు కూడా. పథకాన్ని ఎత్తివేయాలనే వారూ ఉన్నారు. అయినా పక్క ప్రాంతపు ఇంట్లో తిన్న అన్నం చేసే పనిని ఏ ఉపన్యాసమూ చేయలేదు.

ఇక మధ్యలో ఆగిన పని. ఉత్తరాన ఖురాన్ చదువు కోసం ఇల్లు విడిచి వెళ్లే బాలలను ‘అల్మాజిరి’ అంటారు. ముహాజిర్ అనే అరబ్బీ మాట నుంచి వచ్చిన పేరది. ఒకప్పుడు గౌరవమైన పద్ధతి. ఆదరించే ఏర్పాటు కూలిపోయాక ఆ పిల్లల్లో చాలామంది చేతికి భిక్షాపాత్ర వచ్చింది. దేశంలో బడి బయట ఉన్న పిల్లలు కోటికి పైనే. 2012లో అప్పటి అధ్యక్షుడు గుడ్‌లక్ జోనాథన్ సొకోటోలో తొలి నమూనా అల్మాజిరి పాఠశాలను ప్రారంభించారు. ఖురాన్‌తో పాటు లెక్కలు, ఇంగ్లీషు కూడా నేర్పాలన్నది ఆలోచన. తర్వాత ఇలాంటి భవనాలు చాలా లేచాయి. కానీ ఉపాధ్యాయుల జీతం, పిల్లల భోజనం, నిర్వహణ చూసే వారు లేక వాటిలో ఎన్నో పాడుబడ్డాయి. శంకుస్థాపనకు వచ్చినంత మంది మూడో ఏడాది జీతాల రోజుకు రాలేదు.

2024లో వచ్చిన విద్యా రుణ పథకం మాత్రం ఆశ కలిగిస్తోంది. అది వడ్డీ లేని రుణం. చదువు, జాతీయ సేవ ముగిసి, ఉద్యోగం దొరికాకే తిరిగి కట్టాలి.

మనం నేర్చుకోవలసింది

మొదట్లో వేసుకున్న ప్రశ్నకు ఇక జవాబు చెప్పుకుందాం. నైజీరియా యువతకు దేశం మీద ప్రేమ తగ్గలేదు. తమ కష్టానికి న్యాయం దొరకనప్పుడు ఆ ప్రేమ ‘నైజా’లో దాక్కుంటుంది, దొరికిన చోట బయటికి వస్తుంది. అభిమానాన్ని ఫీజులా వసూలు చేయలేం. చెట్టుకు నీళ్లు పోసిన వాడు పండు రాలేదని చెట్టును తిట్టే ముందు, నీళ్లు వేరు దాకా చేరాయా లేదా చూసుకోవాలి.

దాతలు, కమిటీ సభ్యులు ఈ కింది ప్రశ్నలను ఇంట్లోనూ, వచ్చే సర్వసభ్య సమావేశంలోనూ చర్చించాలని కోరుతున్నాం.

1. మన సాయం అడ్మిషన్ రోజుతో ఆగిపోతోందా? పరీక్ష ఫీజు, హాస్టల్, తొలి ఉద్యోగం వెతుక్కునే ఆరు నెలల దాకా వెంట ఉంటోందా?

2. భవనానికి ఇచ్చినంత ఉత్సాహంగా ఉపాధ్యాయుడి జీతానికి ఇస్తున్నామా?

3. మన దరఖాస్తులో ఏ గడి ఏ పిల్లను గుమ్మం బయటే ఆపుతోంది?

4. దూరం వెళ్లిన పాత విద్యార్థిని ‘వెళ్లిపోయాడు’ అని కొట్టేస్తున్నామా, వెనుక వచ్చే ఒక తమ్ముడిని చదివించమని అడుగుతున్నామా?

నాలుగో ప్రశ్నకు ఈ ఏడాదే పని మొదలుపెట్టవచ్చు. పాత విద్యార్థుల పేర్లు, ఫోను నంబర్లు మన రిజిస్టర్లలోనే ఉన్నాయి.