తృటిలో తప్పినదానికీ ఒక పద్దు

 

ఈ సంచికకు బ్యాంకు ఉద్యోగ పరీక్షల గురించి రాస్తానని సంపాదకులకు మాట ఇచ్చాను. దానిని వచ్చే సంచికకు వాయిదా వేసి, ఈసారి రోడ్డు గురించి రాస్తున్నాను. అందుకు కారణం మా ఇంట్లోనే జరిగింది.

మాది హోసూరు. నా మనవరాలు ప్లస్ వన్ చదువుతోంది. తమిళనాడులో ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో ప్లస్ వన్ పిల్లలకు ప్రభుత్వమే ఉచితంగా సైకిలు ఇస్తుంది. ఆ సైకిలు మీదనే బడికి పోయి వస్తుంది. దూరం మూడున్నర కిలోమీటర్లు. అందులో ఒక కిలోమీటరు హైవే పక్కన సర్వీసు రోడ్డు. ఒకనాడు సైకిలు హ్యాండిల్‌కు ఎడమవైపు రబ్బరు గ్రిప్పు చిరిగి ఉండడం చూసి, ఏమయిందమ్మా అని అడిగాను. "గోడకు ఆనించేటప్పుడు గీసుకుంది తాతా" అన్నది. నేనూ నమ్మినాను.

ఎనిమిది రోజుల తరువాత, కరెంటు పోయి ఇద్దరమూ అరుగు మీద కూర్చున్నప్పుడు, తానే అసలు సంగతి చెప్పింది. పెట్రోలు బంకు దగ్గర ఒక కారు ఆమెను దాటి ముందుకు పోయి, సిగ్నలు వేయకుండా ఒక్కసారిగా ఎడమకు బంకులోకి తిరిగిందట. బ్రేకు పట్టి హ్యాండిల్ తిప్పితే సైకిలు ప్రహరీ గోడకు రాసుకుంటూ పోయి ఆగింది. పిల్లకు దెబ్బ తగలలేదు. కారు ఆగలేదు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే అమ్మ సైకిలు మాన్పిస్తుంది. బస్సులో అయితే సాయంత్రం ట్యూషనుకు అందను. ఇంకా గట్టిగా భయపడితే చదివింది చాలంటుంది" అని.

ఆ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. కారు సంగతి కంటే, మా ఇంటి పిల్ల ఆ సంగతి దాచవలసి వచ్చినందుకే బాధ ఎక్కువ కలిగింది.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్ళు పని చేసినవాడిని. క్యాషు కౌంటరులో సాయంత్రం లెక్క చూసినప్పుడు ఎప్పుడో ఒకసారి వంద తక్కువ వస్తుంది, ఇంకొకసారి యాభై ఎక్కువ వస్తుంది. మంచి మేనేజరు ఉన్న బ్రాంచిలో క్యాషియరు వెంటనే వచ్చి చెప్తాడు, అందరూ కలిసి వోచర్లు తిరగేసి తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకుంటారు. చెప్పిన ప్రతివాడికీ మెమో ఇచ్చే మేనేజరు దగ్గర మాత్రం క్యాషియరు తన జేబులో డబ్బు వేసి లెక్క సరిచేస్తాడు. పుస్తకం శుభ్రంగానే ఉంటుంది. కానీ తప్పు ఎక్కడ జరుగుతున్నదో ఎవరికీ తెలియదు, చివరికి ఒకరోజు పెద్ద మొత్తమే పోతుంది. రెండు రకాల మేనేజర్ల కిందా పని చేశాను కనుక అనుభవం మీద చెప్తున్నాను. రోడ్డు విషయంలో మన ఇళ్ళలో తల్లిదండ్రులు చాలామంది రెండో రకం మేనేజర్లు.

నేను కూడా శుద్ధుడిని కాను. సేలంలో పని చేసేటప్పుడు సైకిలు మీద బ్రాంచికి పోతుంటే, రోడ్డు పక్కన ఆగి ఉన్న కారు తలుపు ఒక పెద్దమనిషి ధడాలున తెరిచాడు. తప్పించుకోవడానికి కుడికి తిప్పాను. వెనుక నుంచి వచ్చిన బస్సు గాలి నా చొక్కా చేతికి తగిలి పోయింది. ఆ సంగతి మా ఇంటావిడకు చెప్పలేదు. ఈ బులెటిన్ చూసే తెలుసుకుంటుంది.

అమెరికాలో ఒక ఇన్సూరెన్సు కంపెనీలో పని చేసిన హైన్రిచ్ అనే ఆయన 1931లో కార్ఖానా ప్రమాదాల మీద ఒక పుస్తకం రాశాడు. క్లెయిము కాగితాలు చూసి చూసి ఆయన చెప్పిన లెక్క ఏమిటంటే, ఒక పెద్ద గాయానికి వెనుక 29 చిన్న గాయాలు, ఏ గాయమూ లేకుండా తప్పిపోయిన ఘటనలు 300 ఉంటాయని. ఆ అంకెలు అన్నిచోట్లా సరిపోవని తరువాతివారు గట్టిగానే విమర్శించారు, ఆ విమర్శ సరైనదే. కానీ అందులోని అసలు ఆలోచన నేటికీ చెల్లుతుంది. గాయం కానిచోట కూడా సమాచారం ఉంటుంది. అది ఉచితంగా దొరికే సమాచారం, మనమే పారేసుకుంటున్నాము.

ఇది చిన్న విషయం కాదని చెప్పడానికి కొన్ని వాస్తవాలు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది చనిపోయారు. వారిలో దాదాపు అయిదుగురికి ఒకరు కాలినడకన ఉన్నవారు. సైకిలు మీద ఉన్నవారు సుమారు 3 శాతం. 2023 జూలైలో హైదరాబాదు బండ్లగూడ దగ్గర ఉదయం నడకకు పోయిన తల్లీకూతుళ్ళను వెనుక నుంచి వచ్చిన కారు పొట్టన పెట్టుకుంది. 2024 ఫిబ్రవరి 28న నవీ ముంబైలో, పెంటియం చిప్పు రూపకల్పనలో పాలుపంచుకుని, ఇంటెల్ సంస్థకు మన దేశంలో అధిపతిగా పనిచేసిన అవతార్ సైనీ గారు తెల్లవారుజామున సైకిలు తొక్కుతుండగా క్యాబు ఢీకొని మరణించారు. 89వ ఏట లండన్ మారథాన్ పరుగెత్తి లోకాన్ని ఆశ్చర్యపరచిన ఫౌజా సింగ్ గారు 2025 జూలై 14న, 114 ఏళ్ళ వయస్సులో, జలంధర్ దగ్గర తన సొంత ఊరిలో నడకకు బయలుదేరి వాహనం ఢీకొని పోయారు. అంత వయస్సు వరకు ఏ జబ్బూ తీసుకుపోలేని మనిషిని రోడ్డు తీసుకుపోయింది.

ఇప్పుడు లెక్కకు వద్దాము. పిల్లలు కాగితం, పెన్సిలు తీసుకోండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకు 16.7 మీటర్లు. (కిలోమీటర్లను 3.6తో భాగిస్తే వస్తుంది.) డ్రైవరు కంటికి మీరు కనబడి, కాలు బ్రేకు మీదికి పోయేలోపు సుమారు ఒకటిన్నర సెకను పడుతుందనుకుందాము. అంతలో బండి 25 మీటర్లు వచ్చేసింది, ఇంకా బ్రేకే పడలేదు. పడిన తరువాత పొడి రోడ్డు మీద ఆగడానికి మరి 20 మీటర్లు కావాలి. మొత్తం 45. అదే లెక్క 40 వేగానికి వేస్తే మొత్తం 25 మీటర్లు దాటి కొంచెం వస్తుంది. 80 వేగానికి దాదాపు 69 మీటర్లు వస్తుంది. వేగం రెండింతలయితే బ్రేకు దూరం రెండింతలు కాదు, నాలుగింతలు అవుతుంది. వేగం వర్గం చేసి లెక్కించాలి కనుక. వానలో ఇంకా ఎక్కువ.

ముదురు రంగు బట్టలు వేసుకున్న మనిషి, ఎదుటి బండి డిమ్ లైటులో, ముప్పై నలభై మీటర్ల దగ్గరికి వస్తేగాని స్పష్టంగా కనబడడు. 69 మీటర్లు కావలసిన బండికి మీరు నలభైలో కనబడితే, ఆ డ్రైవరు ఎంత మంచివాడయినా, ఎంత నిదానస్తుడయినా, లెక్క కుదరదు. తెల్లవారుజామున నల్ల టీషర్టు వేసుకుని హైవే అంచున పరుగెత్తే మన కుర్రవాళ్ళు ఈ ఒక్క తీసివేత చేసి చూసుకోవాలి. లేత రంగు చొక్కా, వీపు మీద వెలుగు పడితే మెరిసే పట్టీ, సైకిలు వెనుక ఎర్ర రిఫ్లెక్టరు, చిన్న ఎర్ర లైటు. వీటన్నిటి ఖరీదు ఒక సినిమాకు ఇద్దరు పోయి వచ్చినంత కూడా కాదు.

ఫుట్‌పాత్ లేని రోడ్డు మీద నడిచేవారు, పరుగెత్తేవారు కుడి పక్కన, ఎదురుగా వచ్చే బండ్లను చూస్తూ పోవాలంటారు. దీనికి మా ఇంటి పక్క కుర్రవాడు ఒక మంచి ఆక్షేపణ చెప్పాడు. "తాతయ్యా, నేను 12 వేగంతో పరుగెత్తుతాను. కారు 80తో వస్తోంది. ఎదురుగా పోతే 92 వేగంతో కలుసుకుంటాము. ఒకే దిక్కుకు పోతే 68 మాత్రమే. 50 మీటర్ల దూరానికి ఒకదానిలో రెండు సెకన్లు కూడా లేదు, రెండోదానిలో రెండున్నర దాటి ఉంది. మరి వెనుక నుంచి రావడమే మేలు కదా?" లెక్క తప్పు లేదు. కానీ ఆ రెండున్నర సెకన్లూ కారువాడి చేతిలో మాత్రమే ఉంటాయి. ఎదురుగా పోతే ఉన్న రెండు సెకన్లు ఇద్దరి చేతిలో ఉంటాయి, కాలినడక మనిషి ఒక్క అడుగు పక్కకు వేసి బతికిపోగలడు.

సైకిలుకు మాత్రం ఇది వర్తించదు. సైకిలు ఎడమ పక్కనే పోవాలి. సైకిలును అడుగు పక్కకు వేయించలేము. పైగా పక్క సందులోంచి రోడ్డు ఎక్కే బండివాడు కుడివైపు నుంచి ఎవరు వస్తున్నారో చూస్తాడు గాని, తప్పు దిక్కున వచ్చే సైకిలు కోసం చూడడు. బడి గేటు అవతలి పక్కన ఉందని చివరి రెండు వందల మీటర్లు ఎదురు తొక్కే పిల్లలను రోజూ చూస్తున్నాను.

లారీ, బస్సు గురించి ఒక మాట. మన దేశంలో డ్రైవరు కుడి పక్కన కూర్చుంటాడు. పొడుగు బండికి ఎడమ పక్కన, ముందు మూల దగ్గర ఉన్న సైకిలు ఆయనకు కనబడదు. ఆ బండి ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అందుచేత సిగ్నలు దగ్గర ఆగిన లారీకి, ఫుట్‌పాత్‌కు మధ్య సందు కనబడినా దూరవద్దు. లారీ వెనుకనే నిలబడండి. ఒక నిమిషం ఆలస్యమవుతుంది, అవనివ్వండి.

కారు ఉన్న తల్లిదండ్రులకు కూడా పని ఉంది. ఎడమ పక్కన కారు ఆపి కుడి తలుపు తెరిచేటప్పుడు, తలుపును కుడి చేతితో గాక ఎడమ చేతితో తెరవండి. ఒళ్ళు దానంతట అదే తిరిగి, కన్ను వెనక్కు పోతుంది. హాలండు దేశంలో పిల్లలకు ఇలా నేర్పుతారని పేరు. బ్రిటను వారు 2022లో తమ రోడ్డు నియమాల పుస్తకంలో చేర్చుకున్నారు. సైకిలును దాటేటప్పుడు కనీసం ఒకటిన్నర మీటరు వదలమని కూడా ఆ పుస్తకంలోనే రాశారు. జర్మనీలో ఊరి బయట అయితే రెండు మీటర్లు. మన రోడ్ల మీద అంత చోటు ఎక్కడిది అంటారు. చోటు లేనప్పుడు దాటకుండా వెనుక ఉండడం అన్నది ఒకటి ఉంది.

ఇంతా జరిగి గుద్దిన బండి ఆగకుండా పోతే, ఆ కుటుంబానికి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న పథకం కింద మరణానికి రూ. 2 లక్షలు, తీవ్ర గాయానికి రూ. 50,000 పరిహారం వస్తుంది. అంతకు ముందు ఇది రూ. 25,000, రూ. 12,500 మాత్రమే. బండి నెంబరు దొరకలేదు గనుక ఏమీ రాదని ఊరుకునేవారు మన వాళ్ళలో చాలామంది ఉన్నారు. తాలూకా రెవెన్యూ అధికారి దగ్గర అర్జీ పెట్టుకోవాలి. దానికి పోలీసు వారి ఎఫ్.ఐ.ఆర్. నకలు, ఆసుపత్రి కాగితాలు ముఖ్యం. రోడ్డు మీద పడినవారిని ఆసుపత్రిలో చేర్చినవారిని పేరు చెప్పమని గాని, సాక్షిగా రమ్మని గాని బలవంతం చేయకూడదని చట్టంలోనే ఉంది, 2019 సవరణలో 134ఎ సెక్షను. భయపడి పక్కకు తప్పుకోనక్కరలేదు.

మా ఇంట్లో ఏమి చేశామో చెప్తాను. కోడలితో మాట్లాడాను. మొదట ఏడ్చింది, తరువాత కోపం చేసుకుంది, చివరికి ఒప్పుకుంది. ఒప్పందం ఇది: పిల్ల ఏది చెప్పినా ఆ రోజు ఎవరూ తిట్టరాదు, సైకిలు మాట ఎత్తరాదు. నా పాత అలవాటు కొద్దీ ఒక నోటుబుక్కుకు గీతలు కొట్టి ఇచ్చాను. తేది, వేళ, చోటు, ఏ బండి, ఎవరి తప్పు. చివరి గడిలో పిల్ల తన తప్పు కూడా రాయాలి. రెండు నెలలలో పదకొండు పద్దులు వచ్చాయి. చదివి నాకు చెమట పట్టిన మాట నిజం. కానీ పదకొండులో ఏడు ఆ పెట్రోలు బంకు గేటు దగ్గరే, అన్నీ సాయంత్రం అయిదు నుంచి అయిదున్నర లోపే. రెండింటిలో తన తప్పు అని తానే రాసింది, ఒకటి ఫ్రెండుతో పక్కపక్కన తొక్కుతూ మాటలలో పడినందుకు. బంకు వెనుక ఒక వీధి ఉంది, నాలుగు వందల మీటర్లు చుట్టు. ఇప్పుడు ఆ వీధినే పోతోంది. ట్యూషనుకు అందుతోంది. తరువాతి నెలలో రెండే పద్దులు.

ఇక ఆ పరుగు కుర్రవాడి సంగతి. పోలీసు కానిస్టేబుల్ ఎంపికకు మగపిల్లలు 1500 మీటర్లు 7 నిమిషాలలో పరుగెత్తాలి. దానికోసం నలుగురు స్నేహితులతో తెల్లవారక ముందే బైపాసు మీదికి పోతున్నాడు. 1500 మీటర్లంటే నాలుగు వందల మీటర్ల మైదానం చుట్టూ నాలుగు చుట్లు కూడా లేదు, దానికి బైపాసు ఎందుకురా అంటే, బడి మైదానానికి తాళం వేసి ఉంటుంది తాతయ్యా అన్నాడు. నేనూ, ఇంకొక రిటైరయిన మాస్టారూ పోయి హెడ్మాస్టరు గారిని అడిగాము. ఉదయం అయిదు నుంచి ఆరున్నర వరకు ఇస్తామన్నారు. తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. పోయేటప్పుడు గేటు మూసి, చెవి తిరిగి ఆయన చేతికే ఇవ్వాలని షరతు.