రూపాయి లోహము – రైతు ఋణము

రూపాయి విలువ దేనియందున్నదో తెలిసికొనుట అప్పుగల ప్రతివానికిని అవసరము.

పూర్వపు రూపాయి తులము తూగెడిది. అందు పండ్రెండింట పదునొకండు పాళ్లు వెండియే. రెండవ ప్రపంచ యుద్ధమునందు జనులు వెండి నాణెములను దాచుకొనసాగిరి. 1940లో ప్రభుత్వము రూపాయిలోని వెండిని సగమునకు తగ్గించి, కాగితపు రూపాయిని గూడ వెలువరించెను. 1943లో రాగి పొదుపునకై చిల్లికాణీ వచ్చెను. అమెరికానుండి అరువు తెచ్చిన వెండిని వెండిగానే తీర్చవలసియుండెను గనుక, 1947 నాటి రూపాయి నికెలు బిళ్లయయ్యెను. యుద్ధమున ఓడిన జపానులోను 1949లో చిల్లిగల అయిదు యెన్ ఇత్తడి నాణెము వెలువడెను; దానిపై వరికంకిని ముద్రించిరి.

వెండి పోయినను రూపాయి చెల్లెను. దాని విలువ లోహమునందు గాక, దానికి దొరకు గింజలయందున్నదని మనము గ్రహింపవలెను.

1929 తరువాత ధరలు పడిపోగా, అనంతపురము మెట్టరైతుకు నూరు రూపాయల అప్పు నూరుగానే నిలిచెను. దానిని తీర్చుటకు అమ్మవలసిన వేరుసెనగ బస్తాలు మాత్రము పెరిగెను. యుద్ధకాలమున ధరలు హెచ్చగా అదే అప్పు కొద్ది బస్తాలతో తీరెను. అయితే వానలేక పంట పోయినవానికి ఆ మేలు దక్కదు. గింజలు కొని తినవలసినవానికి హెచ్చుధర మరియొక భారము.

కావున అప్పు తీసికొనునప్పుడే అది యెన్ని బస్తాలగునో లెక్కించుకొనుడు. ధర పలికిన యేట ముందుగా సంఘపు బాకీ తీర్చుడు. కరవునకు కొంత గింజ నిలువయుంచుడు.