డేటాబేసు బ్యాకప్పులో తరచుగా వచ్చే పొరపాట్లు – నివారణ

(సంఘ కార్యదర్శులకు, శీతలీకరణ కేంద్రాల గుమాస్తాలకు పాఠం)

పూర్వం సంఘాన్ని తనిఖీ చేయబోతే మేము ముందుగా అడిగేవి పాల సేకరణ రిజిష్టరు, సభ్యుల ఖాతా పుస్తకం. నేడు చాలాచోట్ల ఆ రెండూ కంప్యూటరులో చేరాయి. సభ్యుడు ఏ పూట ఎన్ని లీటర్లు పోశాడు, వెన్న శాతమెంత, ఎస్.ఎన్.ఎఫ్. ఎంత, దాణా బాకీ ఎంత – అన్నీ డేటాబేసులోనే ఉంటాయి. పుస్తకం తడిస్తే ఆరబెట్టి చదువుకోవచ్చు. హార్డ్‌డిస్కు చెడితే చదవడానికి ఏమీ మిగలదు. అందుకే దాని నకలు, అనగా బ్యాకప్పు, తీసి ఉంచాలి. ఈ సంగతి అందరికీ తెలిసినదే. తీసిన నకలు పనికివస్తుందా లేదా అని చూసేవారు మాత్రం తక్కువ.

నేను తనిఖీకి వెళ్ళిన ఒక శీతలీకరణ కేంద్రంలో చుట్టుప్రక్కల గ్రామాల లెక్కలన్నీ ఒకే కంప్యూటరులో ఉండేవి. సరిగ్గా బిల్లు చేయవలసిన ముందురోజు అది చెడిపోయింది. "భయం లేదండీ, రోజూ పెన్‌డ్రైవులోకి ఎక్కిస్తున్నాను" అన్నాడు గుమాస్తా. తెరచి చూస్తే కొన్ని వారాల క్రిందటి నకలు తప్ప ఏదీ పూర్తిగా లేదు. ఆ పెన్‌డ్రైవు ఫ్యాట్ 32 పద్ధతిలో ఫార్మాటు చేసినది. లోపల ఎంత ఖాళీ ఉన్నా, ఆ పద్ధతిలో 4 జి.బి.కి మించిన ఫైలు ఒక్కటి కూడా పట్టదు. నకలు పెరిగి పెరిగి ఆ హద్దు దాటింది. తెరమీద వచ్చిన హెచ్చరికను గుమాస్తా రోజూ మూసివేస్తూ వచ్చాడు.

చివరకు రైతుల దగ్గరున్న చీటీలు తెప్పించి పదిహేను రోజుల లెక్క చేతితో వ్రాశాము. ఒక పెద్దమ్మ కొంగున ముడివేసి తెచ్చిన చీటీలలో మూడు పూటలవి లేవు. "పోసింది నిజం బాబూ, కాగితం పోయింది" అన్నది. ఆమె మాట నమ్మి ఆ పూటలకు సగటు కట్టాము. కాని సంఘం లెక్క చెప్పవలసిన మాటను సభ్యురాలు బతిమాలి చెప్పుకోవలసి రావడం మనకు గౌరవం కాదు.

ఇక తరచుగా వచ్చే పొరపాట్లు చూద్దాం. ఉదాహరణలు మైక్రోసాఫ్ట్ ఎస్.క్యు.ఎల్. సర్వరువి. ఇతర డేటాబేసులలో సంఖ్యలు వేరైనా కారణాలు దాదాపు ఇవే.

1. అనుమతి లేదు (తప్పు సంఖ్య 3201, దానిలో 5). నకలు ఫైలును వ్రాసేది మీరు కాదు, సర్వరు సర్వీసు. మీ పేరుతో ఆ ఫోల్డరు తెరుచుకున్నంత మాత్రాన చాలదు. సర్వీసు ఏ ఖాతాతో నడుస్తున్నదో చూసి, ఆ ఖాతాకు ఫోల్డరులో వ్రాసే అనుమతి ఇవ్వాలి.

2. డిస్కులో చోటు లేదు (112). చోటు కోసం తొందరపడి నిన్నటి నకలు చెరిపివేయరాదు. కొత్తది సరిగా వచ్చిందని రూఢి చేసుకున్న తరువాతనే పాతది తీసివేయాలి.

3. లావాదేవీల లాగు నిండింది (9002). డేటాబేసు 'ఫుల్ రికవరీ' పద్ధతిలో ఉంటే, పూర్తి నకలు ఎన్నిసార్లు తీసినా లాగు తగ్గదు. లాగుకు వేరుగా బ్యాకప్పు తీస్తూ ఉండాలి. లాగు ఫైలునే చెరిపివేస్తే చోటు వస్తుందని కొందరు అనుకుంటారు. అది ఎంతమాత్రం చేయరాదు. డేటాబేసే తెరుచుకోకుండా పోవచ్చు.

4. నకలు ఎక్కడం లేదు (3241, 3169). మొదటిది తరచుగా ఫైలు చెడినప్పుడు వస్తుంది. రెండవది కొత్త వెర్షనులో తీసిన నకలును పాత వెర్షనులో ఎక్కించబోతే వస్తుంది. ప్రతి నకలుతో పాటు సర్వరు వెర్షను వ్రాసి పెట్టుకోవాలి.

5. నకలు అసలు నడవనే లేదు. పై నాలుగింటిలో కంప్యూటరు తప్పు చెబుతుంది. ఇక్కడ ఏమీ చెప్పదు. ఉచితంగా లభించే ఎక్స్‌ప్రెస్ ఎడిషనులో వేళకు పని నడిపే ఏజెంటు ఉండదు. విండోస్ టాస్క్ షెడ్యూలరులో మనమే ఏర్పాటు చేసుకోవాలి. రోజూ ఫైలు తేదీ, పరిమాణం చూసి రిజిష్టరులో వ్రాయాలి.

పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేరు సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు సర్వరులోని డేటాబేసు చెరిపివేశాడు. నకళ్ళ కోసం చూస్తే, ఉపయోగించిన ప్రోగ్రాము పాత వెర్షను కావడం వల్ల నకలు రావడమే లేదు. విఫలమైందని తెలిపే ఈమెయిళ్ళు కూడా చేరలేదు. అదృష్టవశాత్తు దాదాపు 6 గంటల ముందు తీసిన వేరొక ప్రతి దొరికింది. ఆ 6 గంటల డేటా మాత్రం పోయింది.

దాచిన విత్తనం మంచిదో కాదో మొలక కట్టి చూస్తేనే తెలుస్తుంది. నకలు సంగతీ అంతే. 'వెరిఫై ఓన్లీ' ఆజ్ఞతో ఫైలు చదవడానికి వీలవుతుందా అని చూడవచ్చు గాని, అది చాలదు. నెలకొకసారి నకలును వేరొక కంప్యూటరులో, వేరొక పేరుతో ఎక్కించాలి. నడుస్తున్న డేటాబేసు మీద ఎన్నడూ ఎక్కించరాదు. తరువాత ఒక సభ్యుని ఒక పూట లెక్కను చీటీతోను, ఒక రోజు మొత్తం పాలను ట్యాంకరు రసీదుతోను సరిపోల్చాలి. రెండూ కుదిరితేనే అది నకలు.

ఒక ప్రతి కేంద్రంలో, ఒకటి వేరే ఊరిలో ఉంచాలి. కనీసం ఒకటి కంప్యూటరు నుండి విడదీసి ఉంచాలి. ఎప్పుడూ తగిలించి ఉన్న డ్రైవును వైరసు కూడా అందుకోగలదు.

అభ్యాసం: (1) మీ చివరి నకలు తేదీ ఏది? పరిమాణమెంత? (2) దానిని చివరిసారి ఎక్కించి చూసినది ఎప్పుడు? (3) మీరు సెలవులో ఉంటే ఆ పని ఎవరు చేస్తారు?

రెండవ ప్రశ్నకు జవాబు లేని కార్యదర్శులు వచ్చే బిల్లు చేయకముందే ఈ పరీక్ష జరిపి, ఫలితాన్ని పాలకవర్గ సమావేశపు మినిట్సులో వ్రాయించవలసినదిగా కోరుతున్నాను.