అన్నం ముందు మొండికేసే చిన్నపిల్లలకు ఏం పెట్టాలి?

మా దిబ్బూరహళ్ళి వైపు పొద్దున పూట ఇంట్లో ఎవరికీ తీరిక ఉండదు. పాలు డైరీకి పోయాలి, పట్టుపురుగులకు రేషం ఆకు కోసుకురావాలి, పెద్దపిల్లలు శిడ్లఘట్టకో చింతామణికో బస్సు పట్టుకోవాలి. ఈ హడావుడిలో మూడేళ్ళ పిల్లో నాలుగేళ్ళ పిల్లవాడో పళ్ళెం తోసేస్తే, వాడి వెనక గిన్నె పట్టుకుని తిరిగే పని ఎక్కువగా పదో తరగతి చదివే అక్క మీద పడుతుంది. చివరికి ఆ పిల్ల బడికి ఆలస్యంగా పోతుంది, చిన్నవాడికి ఐదు రూపాయల కురుకురు పొట్లం దొరుకుతుంది. అందుకే ఈ పాఠం తల్లులకు మాత్రమే కాదు, ఇంట్లో తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్న విద్యార్థులకు కూడా.

నేను హోమ్ సైన్సు చదువుకున్నదాన్ని. చుట్టుపక్కల ఊళ్ళలో తల్లుల సమావేశాలకు పిలిస్తే వెళ్ళి మాట్లాడుతుంటాను. ఎక్కడికి వెళ్ళినా మొదట వచ్చే ప్రశ్న ఒకటే: "అక్కా, ఏడాది వయసులో బాగా తిన్నాడు. ఇప్పుడు మూడేళ్ళొచ్చాయి, ఏమీ తినడు. టానిక్కు ఏదైనా చెప్పండి."

టానిక్కు సంగతి తర్వాత. ముందు ఒక లెక్క చూడండి. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి తొమ్మిది కిలోలకు వస్తుంది. అంటే మూడింతలు. ఆ తర్వాత ఏడాదికి రెండు కిలోల చొప్పున మాత్రమే పెరుగుతుంది. పెరుగుదల నెమ్మదించినప్పుడు ఆకలి కూడా తగ్గుతుంది. ఇది జబ్బు కాదు. పట్టుపురుగులు పెంచేవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. పురుగు జ్వరంలో ఉన్నప్పుడు ఆకు ముట్టదు, మీరూ వెయ్యరు. అది లేచాక మళ్ళీ ఆకు వేస్తారు. పురుగు విషయంలో ఉన్న ఆ ఓపిక పిల్లవాడి విషయంలో మనకు ఉండదు, అదే నాకు వింత.

అయితే అన్ని పిల్లలనూ "వాళ్ళే తింటారులే" అని వదిలెయ్యడం కూడా సరికాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కర్ణాటకలో ఐదేళ్ళలోపు పిల్లల్లో 35.4 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళలోపు పిల్లల్లో 65.5 శాతం మందికి రక్తహీనత ఉంది. ముగ్గురిలో ఇద్దరన్నమాట. రక్తం తక్కువైన పిల్లకు ఆకలి మందగిస్తుంది, తినకపోతే రక్తం ఇంకా తగ్గుతుంది. బడిలో కూర్చున్నా బుర్రకు ఎక్కదు. కాబట్టి మామూలు మొండితనం ఏది, నిజంగా భయపడవలసింది ఏది అన్నది తూకంతోనే తేల్చాలి, మన కంటి అంచనాతో కాదు.

తూకం అంగన్‌వాడీలో ఉచితంగా వేస్తారు. మూడేళ్ళు నిండిన ఆడపిల్ల సగటు బరువు 13.9 కిలోలు, మగపిల్లవాడిది 14.3. ఇంతకంటే కాస్త తక్కువైతే కంగారు పడకండి, సన్నటి కుటుంబాల్లో సన్నటి పిల్లలే పుడతారు. కానీ ఆడపిల్ల 10.8 కంటే, మగపిల్లవాడు 11.3 కంటే తక్కువ ఉంటే అది తక్కువ బరువు కిందే లెక్క. నాలుగేళ్ళకు ఈ హద్దులు 12.3, 12.7 కిలోలు. ఒక నెల తూకం కన్నా మూడు నాలుగు నెలల గీత ముఖ్యం. గీత పైకి పోతుంటే, ఇంట్లో ఎంత పేచీ పెట్టినా పిల్ల తనకు కావలసింది తింటున్నట్టే. గీత అడ్డంగా నిలిచిపోయినా కిందికి దిగినా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. భుజానికీ మోచేతికీ మధ్య కొలిచే టేపు 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ చూపిస్తే ఒక్కరోజు కూడా ఆగకూడదు.

ఇక ఎంత తినాలి? భారత వైద్య పరిశోధనా మండలి 2020 లెక్క ప్రకారం నాలుగు నుంచి ఆరేళ్ళ పిల్లకు రోజుకు 1360 కేలరీలు, సుమారు 16 గ్రాముల మాంసకృత్తులు, 550 మిల్లీగ్రాముల కాల్షియం, 11 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. కూర్చుని పనిచేసే స్త్రీకి చెప్పింది 1660 కేలరీలు. అంటే కడుపు చూస్తే పిడికిలంత, అవసరం చూస్తే ఇంచుమించు అమ్మకున్నంత. చిక్కంతా ఇక్కడే ఉంది. మూడు పూటల తిండితో ఆ చిన్న కడుపు ఇంత మోయలేదు. మూడు భోజనాలు, మధ్యలో రెండు చిరుతిళ్ళు తప్పవు. చిరుతిండి అంటే బుజ్జగించడానికి ఇచ్చేది కాదు, అది కూడా భోజనంలో భాగమే.

మన వైపు అదృష్టమేమిటంటే రాగులు. వంద గ్రాముల రాగుల్లో 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అంత బియ్యంలో పది కూడా ఉండదు. ఇప్పటి అమ్మలు కొందరు "ముద్ద పాతకాలం తిండి, పాపకు తెల్లన్నమే పెడుతున్నాం" అని గొప్పగా చెబుతుంటారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపిందని, బెంగళూరు అంగళ్ళలో రాగి బిస్కెట్లు ఎంత ధరకు అమ్ముతున్నారో చూడమని నేను వాళ్ళతో అంటాను.

కానీ ముద్ద చిన్నపిల్లలకు కష్టమైన మాట నిజమే. పెద్దవాళ్ళు దాన్ని నమలకుండా సారులో ముంచి మింగుతారు, మూడేళ్ళ పిల్లకు ఆ విద్య రాదు. ఉసిరికాయంత ఉండలు చేసి, కాస్త నెయ్యి రాసి, పప్పుసారులో మెత్తగా నానబెట్టి ఇవ్వండి. అదీ వద్దంటే రాగిదోసె, ఉల్లిపాయ, మునగాకు సన్నగా తరిగి వేసిన చిన్న రాగిరొట్టె. పిల్లలు చేత్తో పట్టుకుని తినగలిగింది త్వరగా తింటారు.

రాగిగంజి గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ ఇళ్ళలో దీని దగ్గరే పొరపాటు జరుగుతోంది. గంజి చిక్కగా కాస్తే పిల్ల మింగలేదు. పల్చగా కాస్తే కడుపు నీళ్ళతో నిండుతుంది, బలం రాదు. దీనికి మన అవ్వలు ఎప్పుడో దారి కనిపెట్టారు: మొలకెత్తించడం. రాగులు కడిగి ఒక రాత్రి నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, ఒకటి రెండు రోజులు ఉంచితే తెల్లటి మొలకలు వస్తాయి. నీడలో ఆరబెట్టి, దోరగా వేయించి, మరలో ఆడించాలి. మొలకెత్తినప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా విడగొడుతుంది కాబట్టి గంజి జిగురు కట్టదు. అదే గ్లాసు నీళ్ళకు ఎక్కువ పిండి వేసినా గంజి పల్చగానే, జారుగానే ఉంటుంది. చిన్న కడుపులోకి ఎక్కువ బలం వెళ్తుంది. ఇంకొక లాభం, గింజలో ఇనుమును పట్టి ఉంచే ఫైటిక్ ఆమ్లం కూడా కొంత తగ్గుతుంది. ఎక్కువ వేడికి ఆ ఎంజైము చచ్చిపోతుంది, అందుకే బాగా మాడేలా వేయించకూడదు. జీవశాస్త్రం చదివే విద్యార్థులు రెండు గ్లాసుల్లో మామూలు పిండి గంజి, మొలకల పిండి గంజి పక్కపక్కన కాచి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

అందులో చెంచా నెయ్యి వేస్తే 45 కేలరీలు కలుస్తాయి. వేయించిన చెనిక్కాయల పొడి వేస్తే మాంసకృత్తులు కూడా కలుస్తాయి.

మాంసకృత్తులకు ఖర్చు పెట్టలేమని కొందరు అంటారు. కందిపప్పు, పెసలు, ఉలవలు, చలికాలంలో అనపకాయల పితికిపప్పు, ఇవన్నీ మన పొలాల్లో పండేవే. ఒక గుడ్డులో ఆరేడు గ్రాములు ఉంటాయి, పిల్లకు రోజుకు కావలసిన దాంట్లో మూడో వంతు దాటుతుంది. గుడ్డు తినని ఇళ్ళలో పప్పు, పెరుగు రెండూ గట్టిగా పెట్టాలి. సారు పైతేట పోసి అడుగున ఉన్న పప్పు పెద్దవాళ్ళు తినడం మన ఇళ్ళలో ఉన్న అలవాటు. పిల్లకు ఆ అడుగుదే వెయ్యండి.

పాల విషయంలో రెండు రకాల ఇళ్ళు చూశాను. మొదటి రకంలో ఆవులున్నా ఉన్న పాలన్నీ డైరీకి పోస్తారు, పిల్లకు దక్కేది టీ. టీలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. ఐదేళ్ళలోపు పిల్లకు టీ అక్కరలేదు, సీసాలో పోసి ఇవ్వడం అసలే వద్దు. రెండో రకంలో పిల్ల అన్నం తినడం లేదని రోజుకు లీటరు దాకా పాలు తాగిస్తారు. పాలతో కడుపు నిండిన పిల్లకు అన్నం ఎక్కడ పడుతుంది? పాలలో ఇనుము లేనట్టే. రోజుకు అరలీటరు దాటకుండా చూడండి. కర్ణాటక ప్రభుత్వం 2013 ఆగస్టులో మొదలుపెట్టిన క్షీరభాగ్య పథకంలో పిల్లకు ఒక్కసారికి ఇచ్చేది 150 మిల్లీలీటర్లు. ఆ గ్లాసు కొలత గుర్తుంచుకుంటే ఇంట్లో లెక్క సులభం.

పాలల్లో కలిపే తియ్యటి పొడుల కోసం అప్పు చేసినవాళ్ళు కూడా ఉన్నారు. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ, ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" అనే పేరు కింద అమ్మవద్దని ఆన్‌లైన్ అమ్మకం సంస్థలకు చెప్పింది. ఆ డబ్బుతో ముప్పై గుడ్లు వస్తాయి.

ఇప్పుడు అసలు యుద్ధం, అంటే పెట్టిన దాన్ని తినిపించడం. ఎలెన్ శాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు ఒక పద్ధతి చెప్పారు. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దల పని. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లల పని. ఒకరి పనిలో ఒకరు వేలు పెడితేనే గొడవ. ఇంతకు ముందే 1920లలో క్లారా డేవిస్ అనే డాక్టరు, అప్పుడే పాలు మాన్పించిన పసిపిల్లల ముందు రకరకాల మామూలు ఆహారాలు పెట్టి, ఏది కావాలంటే అది తిననిచ్చారు. ఒక్కో పూట వాళ్ళ తిండి చూస్తే విచిత్రంగా ఉండేది, కానీ పిల్లలు చక్కగా పెరిగారు. అయితే ఆ పళ్ళేల్లో చక్కెర తిండి ఒక్కటీ లేదు. కిటుకంతా అందులోనే ఉంది. అంగడి పొట్లాలు ఇంట్లో ఉంచుకుని "వాడి ఇష్టానికి వదిలేశాం" అంటే కుదరదు.

ఈ మాట చెప్పగానే అవ్వలు ఒప్పుకోరు. "బిడ్డ ఆకలితో పడుకుంటే చూస్తూ ఊరుకోమంటావా అమ్మా?" అని ఒక పెద్దావిడ నన్ను గట్టిగానే అడిగారు. ఊరుకోమని కాదు. అందరితో కూర్చోబెట్టండి, ఇరవై నిమిషాలు చూడండి, తినకపోతే తిట్టకుండా పళ్ళెం తీసెయ్యండి. రెండు గంటల తర్వాత మళ్ళీ చిరుతిండి వేళ వస్తుంది, అప్పుడు మంచిదే పెట్టండి. మధ్యలో మాత్రం నీళ్ళు తప్ప ఏమీ వద్దు. రెండు రోజులు ఇంట్లో రచ్చ జరుగుతుంది, నిజమే. ఫోనులో బొమ్మలు చూపిస్తూ నోట్లో కుక్కితే ముద్దలు లోపలికి పోతాయి, కానీ తన ఆకలి తనకు తెలియకుండా పోతుంది.

కొత్త కూర ఒక్కసారి ఉమ్మేస్తే "వీడికి పడదు" అని తీర్మానించకండి. పిల్లలు కొత్త రుచిని ఒప్పుకోవడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు పట్టవచ్చని పరిశోధనల్లో తేలింది. ఇక్కడ పెద్దపిల్లల సహాయం కావాలి. నోటుబుక్కులో పదిహేను గళ్ళు గీయండి. పైన "తోటకూర" అని రాయండి. పెట్టిన ప్రతిసారీ ఒక గుర్తు: ముట్టలేదు, నాకింది, నమిలి ఉమ్మింది, మింగింది. ఒక చెంచాకు మించి పెట్టవద్దు, పక్కన వాళ్ళకు నచ్చినది ఒకటి ఉండాలి. అదే తోటకూర మీరు కూడా ఎదురుగా కూర్చుని తినాలి. ఆకుకూరతో నిమ్మరసమో, తర్వాత సీబెపండు ముక్కో ఇస్తే ఇనుము బాగా పడుతుంది.

కడుపులో నులిపురుగులున్నా తిండి సయించదు. ఏడాదికి రెండుసార్లు ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర, ఆరు నెలలకొకసారి విటమిన్ ఏ, వారానికి రెండుసార్లు ఇనుము మందు, ఇవన్నీ అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తల ద్వారా ఉచితంగా అందవలసినవి. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల మొదలైన ఈ అంగన్‌వాడీ పథకం కర్ణాటకలో టి. నరసీపుర నుంచి మొదలైంది. ఈరోజు మన వీధిలోనే ఉంది. టానిక్కు అడిగే తల్లులకు నేను చూపించేది ఆ గడపే. మొలకల పిండి వంటివి చేతితో నేర్చుకోవాలనుకునేవారు చింతామణి దగ్గర కురుబూరులోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడగవచ్చు.

గొంతుకు అడ్డం పడేవి మాత్రం జాగ్రత్త. మన ద్రాక్షతోటల నుంచి ఇంటికి గంపలు వస్తాయి, పిల్లలు గుప్పిట్లతో తింటారు. ఐదేళ్ళలోపు వాళ్ళకు ద్రాక్షపండును నిలువుగా కోసి ఇవ్వండి. చెనిక్కాయల గింజలు, వేయించిన శెనగలు గింజగా వద్దు, పొడి చేసే ఇవ్వాలి. పరుగెత్తుతూ తిననివ్వకండి.

పొడి ఎలా ఇవ్వాలంటే ఉండలుగా. ఒక గ్లాసు మొలకల రాగిపిండి సన్నటి సెగ మీద పచ్చివాసన పోయేలా వేయించండి. అర గ్లాసు వేయించిన చెనిక్కాయలు, పావు గ్లాసు పప్పులు మెత్తగా పొడి కొట్టండి. అర గ్లాసుకు కొంచెం తక్కువ బెల్లం తురిమి, అన్నీ కలిపి, కరిగిన నెయ్యి నాలుగు చెంచాలు పోసి నిమ్మకాయలో సగమంత ఉండలు కట్టండి. సాయంత్రం నాలుగింటికి ఒకటి, దానితో కాసిని మజ్జిగ. చెనిక్కాయల నూనె త్వరగా వాసన పడుతుంది కాబట్టి, ఎండాకాలంలో వారానికి సరిపడా మాత్రమే చేసి మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పెట్టుకోండి.