పురుగుమందులు – ఇంటిలో వానికి తగిన చోటు

హైదరాబాదు తూర్పున దిల్‌సుఖ్‌నగర్ మీదుగా వచ్చు రోడ్డు ఎల్.బి. నగర్ కూడలికడ చీలి, ఒక పాయ విజయవాడకు, మరియొక పాయ నాగార్జునసాగరమునకు పోవుచున్నది. వానాకాలపు సాగు మొదలైన దినములలో ఈ బస్సులలో ఊళ్లకు మరలు రైతుల సంచులను మేము చూచితిమి. అడుగున పురుగుమందు సీసా, దానిపైన పప్పు, ఉప్పు, పిల్లలకు కొన్న పండ్లు!

విషమును ఆహారమును కలిపి మోయుట ఎంత అనర్థకమో 1958లో కేరళలో తెలియవచ్చినది. ఓడలో గోధుమపిండితోపాటు వచ్చిన పారాథియాన్ అను మందు కారి పిండికి అంటెను. ఆ పిండి వంటకములు తిని వందమందికి పైగా మరణించిరి. అటుపిమ్మట 1968లో పురుగుమందుల చట్టము, 1971లో దాని నియమములు ఏర్పడినవి. అయినను 2013లో బీహారులోని గండామన్ గ్రామ పాఠశాలలో మధ్యాహ్న భోజనము తిని 23 మంది పిల్లలు అసువులు బాసిరి. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్లు పరీక్షలో తేలినది.

మందులను ప్రత్యేకమైన గదిలో గాని, తాళము వేసిన బీరువాలో గాని ఉంచవలెనని నియమము. వేరు గది లేని ఇంటికి తాళముగల రేకుపెట్టె చాలును. దానిని వంటయింటికి, ధాన్యమునకు, పశువుల దాణాకు దూరముగా, ఎండవానలు తగులని చోట ఉంచవలెను. ద్రవములను క్రింది అరలోను, పొడులను పై అరలోను పెట్టినచో కారినను ఒకటి వేరొకదానిలో పడదు. తాళపుచెవి పెద్దల కడ నుండవలెను. ఇది పిల్లల కొరకు మాత్రమే కాదు. అప్పుల బాధలోనో, ఇంటి కలహములోనో మనసు చెదరిన మనిషికి ఆ ఘడియలో మందు చేతికందకుండుట ప్రాణమును నిలుపగలదు. పంచాయతీ సభ్యులు ఈ మాటను గ్రామసభలో సంకోచింపక చెప్పవలెను.

మన ఊళ్లనుండి పోయి దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ కాలనీలలో ఒంటిగది అద్దెకు తీసికొన్న కుటుంబములును కలవు. చెదలమందు మిగిలినచో శీతలపానీయపు సీసాలో పోసి మంచము క్రింద పెట్టు అలవాటు అచ్చటనూ ఉండవచ్చును. దాహముగొన్న బాలునికి అందులో నున్నదేమో ఎట్లు తెలియును? మందు దాని సీసాలోనే, దాని లేబులుతోనే ఉండవలెను. లేబులుపై నలుపలకల గుర్తు ఎరుపైనచో మిక్కిలి తీవ్రమైన విషము. పసుపు, నీలము, ఆకుపచ్చ క్రమముగా దానికంటె తక్కువ. ఆకుపచ్చయు విషమే సుమా!

ఖాళీ డబ్బాలలో నీరు, నూనె పోయరాదు. మందు కలుపునపుడే డబ్బాను మూడుమార్లు కడిగి, ఆ నీటిని పిచికారీ ట్యాంకులోనే పోసి, డబ్బాకు చిల్లులు పొడువవలెను. చెరువుగట్టున పారవేయుటను పంచాయతీ నిషేధింపవలెను.

ఎవరైన పొరపాటున మందు మ్రింగినచో పసరులు త్రాగించుచు కాలము గడపక 108కి ఫోను చేసి, సీసాను కూడ ఆసుపత్రికి తీసికొనిపోవలెను. విరుగుడు మందు పేరు లేబులుపైననే ఉండును.